చారిత్రక ప్రజాభవనానికి మరమ్మతు ఎలా చేయించాలి

పురపాలక కార్యాలయం, న్యాయస్థానం, గ్రంథాలయం, గడియార స్తంభం, సభామందిరం వంటి ఒక పాత ప్రజాభవనాన్ని బాగుచేయించే బాధ్యత మీకు అప్పగించారనుకోండి. మీరు ఇంజనీరు కాకపోవచ్చు, ఆర్కిటెక్టు కాకపోవచ్చు. ఆ భవనాన్ని వాడుకుంటున్న సంస్థలో అధికారిగానో, పరిరక్షణ సంఘంలో సభ్యులుగానో ఉండి ఈ పనిని తలకెత్తుకుని ఉండవచ్చు. అయినా నిర్ణయాల మీద సంతకం మీదే కాబట్టి, పని ఏ వరుసలో సాగాలో, ఏ దశలో ఎవరిని ఏ ప్రశ్న అడగాలో, ఎక్కడ ఆపమని చెప్పాలో మీకు తెలిసి ఉండాలి. ఇలాంటి పనులు చూస్తూ వచ్చిన నాకు బలంగా నాటుకున్న సంగతి ఒకటుంది: పాత భవనాలను వయసు కన్నా తొందరపాటు మరమ్మతులే ఎక్కువగా దెబ్బతీశాయి. అందుకే ఇందులో ఏం చేయాలన్న దానితో పాటు, చేసే ముందు ఏం తెలుసుకోవాలన్న దానికీ అంతే చోటిచ్చాను.

మొదటి అంచె: భవనం చరిత్రను కూర్చడం

గుత్తేదారును పిలవడానికి ముందు కాగితాలను పిలవండి. అసలు నిర్మాణ పటాలు, పాత ఛాయాచిత్రాలు, అప్పటి సమావేశాల తీర్మానాలు, ఖర్చుల చిట్టాలు, గతంలో జరిగిన మరమ్మతుల బిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించి ఒకచోట చేర్చండి. బిల్లులను చిన్నచూపు చూడకండి. ఫలానా ఏడాది పైకప్పుకు ఎన్ని బస్తాల సిమెంటు వాడారో తెలిస్తే, ఇవాళ ఆ గది గోడ ఎందుకు పొరలు రాలుస్తోందో సగం తెలిసినట్టే. ఆ భవనంలో ముప్ఫై నలభై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గుమాస్తానో కాపలాదారునో కూర్చోబెట్టి అడిగితే, ఏ వానకు ఏ మూల కారేదో, ఏ కిటికీని ఎప్పుడు మూసేశారో ఏ పటంలోనూ లేని సంగతులు బయటికి వస్తాయి.

వీటన్నిటి ఆధారంగా రెండు మూడు పుటలలో ఒక ప్రకటన రాయించండి. ఈ భవనంలో విలువైనది ఏమిటి, ఎందుకు విలువైనది, ఏది అసలు నిర్మాణంలోది, ఏది తర్వాత చేరినా తనదైన విలువ సంపాదించుకున్నది, ఏది నిజంగానే అడ్డదిడ్డంగా చేరినది అన్న విషయాలు అందులో స్పష్టంగా ఉండాలి. ముందువైపు కమానులు, స్తంభాలు అందరికీ కనబడతాయి. న్యాయస్థానంలో సాక్షి నిలబడే బోను, గ్రంథాలయంలో ఇనుప మెట్లు, అరిగిపోయిన రాతి గడప మాత్రం ఎవరూ ప్రస్తావించకపోతే నిశ్శబ్దంగా మాయమవుతాయి. తర్వాత వచ్చే ప్రతి వివాదంలోనూ మీరు తిరిగి చూసుకునేది ఈ ప్రకటననే. భవనానికి చట్టపరమైన రక్షణ ఏదైనా ఉందా, ఏ మార్పుకు ఎవరి అనుమతి కావాలి అన్నది కూడా ఈ దశలోనే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అనుమతి లేకుండా కూల్చిన గోడను అనుమతి తెచ్చుకున్నాక తిరిగి తెచ్చుకోలేరు.

రెండో అంచె: ఉన్నది ఉన్నట్టుగా నమోదు చేయడం

పరంజా ఒక్కటి కూడా లేవకముందే భవనం మొత్తాన్ని కొలిచి గీయించండి, ఫోటోలు తీయించండి. ప్రతి గదికీ ఒక సంఖ్య, ప్రతి గోడకూ ఒక గుర్తు ఇచ్చి, అదే గుర్తుతో ఫోటోలను దాచాలి. ఏ చోట నిలబడి తీశారో రాసి పెడితే, ఏడాది తర్వాత అదే చోటినుంచి తీసిన ఫోటోతో పోల్చి చూడవచ్చు. వీలుంటే లేజర్ స్కానింగు చేయించండి. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు 2010లో పారిస్‌లోని నోటర్ డామ్ చర్చిని లేజర్‌తో కొలిచి వంద కోట్లకు పైగా బిందువులను నమోదు చేశారు. అది మరమ్మతు కోసం చేసిన పని కాదు, చదువు కోసం చేసింది. 2019 ఏప్రిల్ 15న ఆ చర్చి పైకప్పు తగలబడిపోయినప్పుడు, కోల్పోయిన భాగాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ కొలతలు అక్కరకు వచ్చాయి. నమోదు ఏ రోజున పనికొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కనుక, బడ్జెట్టులో కోత పడినప్పుడు మొదట కోసే అంశం ఇది కాకుండా చూసుకోండి.

మూడో అంచె: నీటి జాడ పట్టుకోవడం

ఈ అంచెలో ఎంత సమయం పట్టినా ఫరవాలేదు. పాత కట్టడాలను పీడించే రోగాలలో చాలా వాటికి మూలం నీరే. చెక్క కుళ్లడం, ఇనుము తుప్పు పట్టడం, గోడలకు చౌడు పూయడం, గార ఊడటం, చెదలు చేరడం ఇవన్నీ వేరువేరు జబ్బుల్లా కనబడినా, వెనక్కి వెళ్తే ఎక్కడో ఒక పగిలిన గొట్టమో, పూడుకుపోయిన తూమో కనిపిస్తుంది. నీటి దారిని మూసేయకుండా గోడకు చేసే ఏ మరమ్మతూ నిలవదు.

జోరుగా వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని భవనం చుట్టూ నడవండి. ఎండరోజున మూడుసార్లు తనిఖీ చేసినా కనబడనిది వానలో పది నిమిషాల్లో కనబడుతుంది. పైనుంచి మొదలుపెట్టి కిందికి రండి. పైకప్పు పెంకులు, పలకలు, వాటి అతుకులు, పిట్టగోడ తలకట్టు, కప్పు నీటిని మోసే కాలువలు, గోడ వెంట దిగే గొట్టాలు, కార్నిసు (గోడ పైభాగాన ముందుకు పొడుచుకు వచ్చిన అంచు) అడుగున నీటిబొట్టు గోడమీదికి పాకకుండా తెంచే గాడి, కిటికీ కింది పలకల వాలు, చివరికి గోడ మొదట్లో నేల వాలు. నీరు ప్రతిచోటా గోడకు దూరంగా పోతోందా, గోడవైపు వస్తోందా అన్నదే ప్రశ్న. లోపలికి వచ్చి అటక ఎక్కి, దీపాలన్నీ ఆర్పి, కప్పులోంచి వెలుగు చుక్కలు కనబడుతున్నాయేమో చూడండి. గోడలో కూరుకుపోయిన దూలాల కొనలను ప్రత్యేకంగా పరీక్షించాలి. పైకి దృఢంగా కనిపించే దూలం గోడలో ఉన్న జానెడు భాగంలో పూర్తిగా పుచ్చి ఉండవచ్చు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టదు. చవకగా దొరికే తేమ మీటరుతో దీనిని మీరే కొలుచుకోవచ్చు.

గోడల అడుగుభాగంలో, నేలనుంచి సుమారు ఒక మీటరు ఎత్తు వరకు మరక కనబడితే నేలలోని తేమ పైకి ఎక్కుతోందని అందరూ తేల్చేస్తారు. వెంటనే ఎవరో ఒకరు గోడలో రంధ్రాలు వేసి రసాయనం నింపుదామంటారు. ఆగండి. ముందు బయటి నేల ఎత్తును చూడండి. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటిగా వేసిన బాటల వల్ల బయటి నేల లోపలి గచ్చు కన్నా ఎత్తయిపోయి ఉండవచ్చు. పునాది దగ్గరి గాలి రంధ్రాలు మట్టిలో కూరుకుపోయి ఉండవచ్చు. నేను దగ్గరుండి చూసిన ఒక భవనంలో సభామందిరం గోడ మీద తేమ మరకకు మూడుసార్లు కొత్త పూత వేశారు, మూడుసార్లూ అది ఊడిపోయింది. చివరికి తేలినది ఏమిటంటే, అలంకార పనితనం వెనక దాగిన వాననీటి గొట్టం అతుకు విడిపోయి, కురిసిన ప్రతి వానా ఆ గోడ గర్భంలోకే దిగుతోంది. ఆ అతుకు సరిచేయడానికి ఒక్క పూట పట్టింది. గోడ ఆరడానికి ఏడాది దాటింది. ఆ ఏడాది పాటు ఏ పూతా వేయకుండా ఆగమని అందరినీ ఒప్పించడమే అక్కడ నేను చేసిన అసలు పని.

గోడల్లో మొలిచిన మొక్కల విషయంలో ఒక మాట. వాటిని పట్టుకుని లాగేయనివ్వకండి. వేరుతో పాటు రాయీ ఊడి వస్తుంది. కాండాన్ని కోసి, వేరును చంపి, అది ఎండి వదులైన తర్వాత మాత్రమే తీసి, ఆ ఖాళీని వెంటనే నింపించాలి.

నాలుగో అంచె: పగుళ్లతో మాట్లాడించడం

పగులు కనబడగానే పూడ్చేయడం, కనబడగానే భయపడటం రెండూ తప్పే. పగులు అంచులు నల్లబడి, దుమ్ము పట్టి ఉంటే అది ఎప్పటిదో. అంచులు పదునుగా, శుభ్రంగా ఉంటే ఇటీవలిది. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉందా, లేక తిరగబడి ఉందా అన్న దాన్నిబట్టి భవనంలో ఏ భాగం కుంగుతోందో నిర్మాణ ఇంజనీరు ఊహించగలరు. అది ఇంకా కదులుతోందా అన్నది మాత్రం కొలతలే చెప్పాలి. పగులుకు ఇరువైపులా అతికించే గేజీలతో నెలనెలా కొలిచి, తేదీతో సహా పట్టికలో రాయించండి. తడి కాలంలో, పొడి కాలంలో నేల ఉబ్బి కుంచించుకుపోతుంది కాబట్టి కనీసం ఒక పూర్తి సంవత్సరపు కొలతలు చేతిలో ఉంటే గాని రుతువుల కదలికను, నిజమైన కుంగుబాటును వేరు చేయలేం.

అలా అని ఏ పగులుకైనా ఏడాది ఆగమని దీని అర్థం కాదు. వెనిస్ నగరంలోని సెయింట్ మార్క్ గంటల గోపురం 1902 జులై 14న కూలిపోయింది. అంతకు కొన్ని రోజుల ముందే గోడలో ఒక పగులు కనబడి రోజురోజుకూ పైకి పాకింది. గోపురం ముందున్న కూడలిని ఖాళీ చేయించడం వల్ల మనుషుల ప్రాణాలు దక్కాయి, గోపురం దక్కలేదు. రోజుల్లో పెరిగే పగులు, కొత్తగా బిగుసుకుపోయిన తలుపులు, కారణం లేకుండా రాలే సున్నపు పొడి కనబడితే వెంటనే ఆ భాగాన్ని ఖాళీ చేయించి ఊతకర్రలు పెట్టించండి. ఊతం తాత్కాలికం కాబట్టి అది అసలు గోడను తొలిచేలా కాకుండా, తీసేశాక మచ్చ మిగలకుండా ఉండాలి.

ఐదో అంచె: ఎంతవరకు అన్నది తేల్చుకోవడం

ఇప్పుడు మీ దగ్గర చరిత్ర ఉంది, కొలతలు ఉన్నాయి, రోగ నిర్ణయం ఉంది. ఇక చికిత్స పరిమాణం తేల్చాలి. 1964లో వెనిస్‌లో ఆమోదించిన అంతర్జాతీయ నియమావళి దీనికి మంచి ఆధారం. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది అందులోని ఒక నియమం. పోయిన భాగం స్థానంలో పెట్టే కొత్తది మొత్తంతో కలిసిపోవాలి గాని, దగ్గరకు వచ్చి చూసేవారికి అది కొత్తదని తెలియాలన్నది మరొకటి. సమాజానికి ఉపయోగపడే పని కోసం భవనాన్ని వాడటం దాని పరిరక్షణకు మేలు చేస్తుందని కూడా ఆ నియమావళి ఒప్పుకుంటుంది. ఆస్ట్రేలియాలో 1979లో తొలిసారి రూపొందిన బర్రా నియమావళి, అవసరమైనంత మార్పు చేయాలి, వీలైనంత తక్కువ చేయాలి అనే జాగ్రత్తను ముందుకు తెచ్చింది.

ఆచరణలో ఇది ఇలా ఉంటుంది. శుభ్రపరచి వదిలేస్తే సరిపోయేదానికి మరమ్మతు వద్దు. మరమ్మతుతో నిలిచేదాన్ని మార్చవద్దు. కిటికీ చట్రంలో కింది పట్టె ఒక్కటి పుచ్చితే ఆ పట్టెకే కొత్త చెక్కను అతికించాలి గాని చట్రమంతా పెకలించకూడదు. మార్చక తప్పని చోట అదే జాతి చెక్క, అదే రకం రాయి, అదే కొలత ఉండాలి; కొత్త ముక్క వెనకవైపు, కనబడని చోట, ఏ సంవత్సరంలో పెట్టారో చెక్కించడం మంచి అలవాటు. మీ సంఘంలో ఎవరైనా ఒకరు తప్పకుండా భవనాన్ని కట్టిన నాటి రూపానికి తీసుకువెళ్దామంటారు. ఆ నాటి రూపానికి పటాలు, ఫోటోల సాక్ష్యం ఉన్నంతమేరకే ఆ మాట చెల్లుతుంది. సాక్ష్యం లేని చోట కొత్తగా చేసే పాత అలంకారం చూసేవారికి అబద్ధం చెబుతుంది, పైగా మధ్యకాలంలో ఆ భవనం చూసిన చరిత్రను చెరిపేస్తుంది.

ఆరో అంచె: పదార్థాలను ఎంచుకోవడం

పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. అంతకు ముందువీ, ఆ తర్వాత కూడా చాలా కాలం వరకు కట్టినవీ ఎక్కువగా సున్నంతో నిలిచిన గోడలే. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు చేర్చి చల్లారిస్తే మెత్తని సున్నమవుతుంది. గోడలో చేరాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. ఇలా తయారైన దర్జు, అంటే ఇటుకల మధ్య, రాళ్ల మధ్య సందుల్లో నింపిన సున్నం, ఇటుక కన్నా, రాయి కన్నా మెత్తనిది. ఆ మెత్తదనమే గోడకు రక్ష. గోడ కొద్దిగా కదిలితే ఆ కదలికను దర్జు భరిస్తుంది. గోడలో చేరిన తేమ దర్జు గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. తేమతో వచ్చిన ఉప్పు కూడా దర్జులోనే పేరుకుని, దర్జునే పాడుచేస్తుంది. దర్జును కొన్ని దశాబ్దాలకు ఒకసారి మార్చుకోవచ్చు.

అదే గోడకు సిమెంటు దర్జు పెడితే లెక్క తిరగబడుతుంది. గట్టిగా, తేమను సులభంగా వదలనిదిగా ఉండే ఆ పదార్థం దగ్గర దారి దొరకక నీరు ఇటుకలోంచి బయటికి వస్తుంది. ఉప్పు ఇటుక ముఖంలోనే స్ఫటికాలుగా మారి పొరలు పొరలుగా రాల్చేస్తుంది. కొన్నేళ్లకు సిమెంటు దర్జులు గళ్లలా పైకి తేలి, వాటి మధ్య ఇటుకలు గుంటలు పడి కనిపిస్తాయి. ఇలాంటి గోడను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. బలమైన పదార్థమే మంచిదన్న నమ్మకం కొత్త కట్టడాల్లో పనికొచ్చినా పాత గోడల దగ్గర హాని చేస్తుందని మీ సంఘానికి, ఆడిటరుకు, గుత్తేదారుకు మొదటి సమావేశంలోనే చెప్పండి. ఆ గోడ ముందే నిలబెట్టి చూపిస్తే మరీ మంచిది.

కాబట్టి అసలు సున్నపు మిశ్రమాన్ని ప్రయోగశాలలో పరీక్షించి, ఏ రకం సున్నం, ఏ ఇసుక, ఇటుక పొడి కలిపారా అన్నది తెలుసుకుని దానికి దగ్గరగా కొత్తది తయారుచేయించండి. మిశ్రమం రంగునూ రూపాన్నీ నిర్ణయించేది ఎక్కువగా ఇసుకే గనుక పాత ఇసుక రేణువుల పరిమాణాన్ని జల్లెడ పట్టించి పోల్చండి. పాత దర్జును యంత్రపు రంపంతో కోయనివ్వకండి. ఒక్క క్షణం చెయ్యి జారితే ఇటుక అంచు పోతుంది, ఆ అంచు ఇక రాదు. చేతి ఉలితో దర్జు వెడల్పుకు సుమారు రెండింతల లోతు వరకు తీసి, ధూళి ఊది, తడిపి, కొత్త సున్నాన్ని అదిమి నింపాలి. పని అయిన తర్వాత తడి గోనెపట్టాలు కప్పి కొన్ని రోజుల పాటు ఎండ నుంచి, గాలి నుంచి కాపాడాలి. తొందరగా ఆరిన సున్నం పొడిగా రాలిపోతుంది. 5 డిగ్రీల కన్నా చలిగా ఉన్నప్పుడు సున్నం పని మొదలుపెట్టకూడదు. ఈ జాగ్రత్తల వల్ల పని నిదానంగా సాగుతుంది కాబట్టి, కార్యక్రమ పట్టికను సున్నానికి అనుగుణంగా వేయాలి. ప్రారంభోత్సవ తేదీ ముందు పెట్టుకుని సున్నాన్ని పరుగెత్తించడం కుదరదు.

ఇనుము దగ్గర ఇంకో రకమైన జాగ్రత్త కావాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తనను పట్టుకున్న రాయిని లోపలినుంచే చీలుస్తుంది. ఏథెన్సులోని పార్థెనాన్ దీనికి పెద్ద పాఠం. దాన్ని కట్టిన ప్రాచీనులు పాలరాతి దిమ్మెలను ఇనుప బందులతో కలిపి, వాటి చుట్టూ సీసం పోశారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నికొలావోస్ బలానోస్ ఆధ్వర్యంలో జరిగిన పునరుద్ధరణలో అలాంటి రక్షణ లేని ఇనుప బందులు వాడారు. అవి తుప్పు పట్టి ఉబ్బి, రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన పాలరాయిని పగలగొట్టాయి. 1975లో ఏర్పాటైన సంఘం ఆధ్వర్యంలో ఆ ఇనుమును తీసి టైటానియం పెట్టే పని దశాబ్దాలుగా సాగుతోంది. మీ భవనంలో రాతి పలకల వెనక, బాల్కనీల కింద, కార్నిసుల లోపల ఇనుప కడ్డీలు ఉన్నాయేమో వెతికించండి. కొత్తగా పెట్టవలసిన బందులు తుప్పు పట్టని లోహంతోనే ఉండాలి.

ఏడో అంచె: పనివారిని ఎంచుకోవడం, గుత్త రాయడం

అతి తక్కువ ధర వేసినవారికే పని ఇవ్వాలన్న నిబంధన ఉన్న చోట, టెండరుకు ముందే అర్హత దశ ఒకటి పెట్టండి. దరఖాస్తుదారులు పదేళ్ల క్రితం చేసిన సున్నం పనిని, కర్ర పనిని వెళ్లి చూడండి. కొత్తగా పూర్తయిన పని ఫోటోలలో అందంగానే ఉంటుంది, పదేళ్ల వానలు తట్టుకున్నదే పనితనం. గుత్తేదారు కంపెనీ పేరుతో పాటు, నిజంగా తాపీ పట్టే మేస్త్రీ ఎవరు, ఉలి పట్టే వడ్రంగి ఎవరు అన్నది ఒప్పందంలో రాయించండి; మధ్యలో వారిని మారిస్తే మీ అనుమతి కావాలి.

పాత భవనంలో గార తీసి చూసే వరకు లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అందుకే మొత్తానికి ఒకే స్థిరమైన ధర అడిగితే, గుత్తేదారు భయంతో ఎక్కువ వేస్తారు, లేదంటే తక్కువ వేసి తర్వాత నాణ్యతలో కోస్తారు. అసలు గుత్తకు ముందు, కొన్ని ఎంచుకున్న చోట్ల తెరచి చూసే చిన్న పనిని విడిగా చేయించండి. మిగిలిన దానికి కొలతల ప్రకారం చెల్లింపు ఉండాలి, ఊహించని వాటి కోసం మొత్తంలో 15 నుంచి 20 శాతం పక్కన పెట్టుకోవాలి. ఆ సొమ్ము మిగిలితే దానితో అలంకారాలు చేయించాలన్న ఒత్తిడికి లొంగకుండా, దాన్ని రాబోయే సంవత్సరాల నిర్వహణకు మళ్లించే తీర్మానం ముందుగానే చేయించండి.

ప్రతి రకం పనికీ మొదట ఒక నమూనా చేయించండి. ఒక చదరపు మీటరు దర్జు, ఒక కిటికీ, ఒక గజం కార్నిసు. అది ఆరిన తర్వాత మీరు, ఆర్కిటెక్టు, మేస్త్రీ కలిసి చూసి ఒప్పుకుంటే, దాన్ని అలాగే ఉంచి మిగతా పనంతటినీ దానితో పోల్చండి. నోటిమాటతో నడిచే వాదనలన్నీ ఈ నమూనా ముందు సద్దుమణుగుతాయి.

ఎనిమిదో అంచె: నిప్పును దూరంగా ఉంచడం

పాత భవనానికి అత్యంత ప్రమాదకరమైన కాలం దాన్ని బాగుచేస్తున్న కాలమే. ఇంగ్లండులోని అప్‌పార్క్ భవనం 1989 ఆగస్టు 30న తగలబడింది. పైకప్పు మీద సీసపు రేకులకు వెల్డింగు చేస్తున్న పనే దానికి కారణం. స్కాట్లండులోని గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ భవనం 2014 మంటల తర్వాత పునరుద్ధరణ జరుగుతుండగానే 2018 జూన్ 15న మళ్లీ కాలిపోయింది. కోపెన్‌హాగెన్‌లో 17వ శతాబ్దపు వాణిజ్య భవనం బోర్సెన్, దాని 400 ఏళ్ల పండుగ కోసం మరమ్మతు జరుగుతుండగా, 2024 ఏప్రిల్ 16న మంటల్లో చిక్కి శిఖరాన్ని కోల్పోయింది. ఎండిన చెక్క, తెరిచి ఉంచిన అటకలు, పరంజా, అక్కడక్కడా పేర్చిన సామాను, పనిచేయకుండా ఆపేసిన అలారాలు ఇవన్నీ ఒకేసారి కలిసే సమయం అది.

అందువల్ల వెల్డింగు, బ్లోలాంపు, రాపిడితో నిప్పురవ్వలు రాల్చే ఏ పనైనా మరో దారి లేనప్పుడే, రోజువారీ లిఖిత అనుమతితోనే జరగాలి. అలాంటి పనిని మధ్యాహ్నమే ముగించి, ఆ తర్వాత కనీసం ఒక గంట పాటు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి, సాయంత్రం తాళం వేసే ముందు మళ్లీ ఒకసారి చూడాలి. పొగను పసిగట్టే పరికరాలను దుమ్ము వల్ల ఆపివేయవలసి వస్తే ఆ గంటల్లో మనిషిని తిప్పాలి. అగ్నిమాపక కేంద్రం వారిని పని మొదలుకాకముందే పిలిచి భవనం చూపించండి, నీటి వసతి ఎక్కడుందో చెప్పండి, మంట వస్తే మొదట బయటికి తేవలసిన రికార్డులు, చిత్రపటాలు, వస్తువుల జాబితా వారికి ఇవ్వండి. అసలు ఆ వస్తువులను పని కాలంలో వేరే చోటికి తరలించి ఉంచడమే ఉత్తమం.

తొమ్మిదో అంచె: పని జరుగుతున్నప్పుడు

రోజువారీ డైరీ మీ చేతిలోనే ఉండాలి. ఆ రోజు వాతావరణం, ఎంతమంది వచ్చారు, ఎక్కడ ఏం తీశారు, ఏం కనబడింది, ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు అన్నవి పది వాక్యాలలో రాస్తే చాలు. గార తొలగిస్తుండగా పాత రంగుల చిత్రమో, మూసేసిన ద్వారమో, మేస్త్రీలు చెక్కిన గుర్తులో బయటపడితే పని అక్కడికక్కడ ఆగాలని, మీకు కబురు రావాలని, ఇలా ఆగిన సమయానికి పరిహారం దొరుకుతుందని పనివారికి ముందే తెలిసి ఉండాలి. పరిహారం లేదంటే ఎవరూ చెప్పరు, దొరికినది మళ్లీ గార వెనక్కి పోతుంది. తొలగించిన ప్రతి చెక్కిన రాయికీ, తలుపుకూ, ఇత్తడి గొళ్లేనికీ చీటీ కట్టి తాళం వేసిన గదిలో భద్రపరచాలి. పాత రంగుల్లో సీసం, పాత కప్పుల్లో, గొట్టాల చుట్టూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక, గోకడం మొదలయ్యే ముందే పరీక్ష చేయించండి. ఆ దుమ్ము పీల్చేది పనివారే.

శుభ్రపరచడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇసుకను వేగంగా చిమ్మి శుభ్రం చేసే పద్ధతిని ఇటుకల మీద, మెత్తని రాళ్ల మీద ఒప్పుకోకండి. ఇటుక కాలినప్పుడు ఏర్పడిన గట్టి పైపొర దానితో పోతుంది. మెత్తని బ్రష్షు, నీటి తుంపరలతో మొదలుపెట్టి, చాలనప్పుడే ఒక మెట్టు పైకి వెళ్లండి. రంగుల విషయంలో, పొరల నమూనాను తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే మొదటి పూత ఏ రంగో తెలుస్తుంది; ఆ తర్వాత ఆ రంగే వేయాలా వద్దా అన్నది మీ ప్రకటనను బట్టి నిర్ణయించుకోవచ్చు. ఏది వేసినా తేమను బంధించని పూతే వేయాలి.

కొత్త వైర్లు, గొట్టాలు, లిఫ్టు, చక్రాల కుర్చీకి ర్యాంపు తప్పకుండా కావాలి. ప్రజాభవనం మెట్లెక్కగలిగిన వారికి మాత్రమే అయితే అది ప్రజాభవనం కాదు. వీటి దారులను పాత పొగగొట్టాల గుండా, నేల పలకల కింద, గతంలోనే తొలిచిన రంధ్రాల గుండా తీసుకువెళ్లండి. రేపు ఎవరైనా వీటిని తీసేయదలిస్తే అసలు గోడకు గాయం కాకుండా తీయగలరా అని ప్రతి పటం మీదా అడగండి. లిఫ్టును ముఖ్యమైన మెట్ల దగ్గర కాకుండా, విలువ తక్కువైన మూల గదిలో పెట్టే అవకాశం చాలా భవనాల్లో దొరుకుతుంది.

పదో అంచె: అప్పగింత, ఆ తర్వాత

పరంజా దించే ముందే, దాని మీద చివరిసారి తిరిగి చూడండి. మళ్లీ ఆ ఎత్తుకు కళ్లు చేరేది ఏ పాతికేళ్లకో. కప్పు కాలువల్లో పడిన సున్నం పెచ్చులు, మేకులు తీయించి, నీళ్లు పోసి ప్రతి గొట్టం పారుతోందో లేదో స్వయంగా చూసుకోండి. చివరి చెల్లింపులో కొంత భాగం కనీసం ఒక పూర్తి వానాకాలం గడిచే వరకు ఆపాలని గుత్తలో ముందే రాసి ఉండాలి.

గుత్తేదారు నుంచి పూర్తి దస్త్రం తీసుకోండి. వాడిన సున్నం రకం, ఇసుక వచ్చిన చోటు, మిశ్రమ నిష్పత్తి, రంగు పేరు, మార్చిన ప్రతి రాయి, చెక్క స్థానం చూపించే పటం, ముందు తర్వాత ఫోటోలు, రోజువారీ డైరీ అందులో ఉండాలి. ఒక ప్రతి భవనంలో, ఒకటి ప్రజలు చూడగలిగే గ్రంథాలయంలోనో ఆర్కైవులోనో దాచండి. ముప్ఫై ఏళ్ల తర్వాత మీ స్థానంలో కూర్చునే వ్యక్తి మొదటి అంచెలో వెతుక్కునే కాగితాలు ఇవే.

ఆ తర్వాత నిర్వహణ పట్టిక ఒకటి గోడకు తగిలించండి. వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి కాలువలు, తూములు శుభ్రం. పెద్ద గాలివాన వచ్చిన ప్రతిసారీ కప్పు తనిఖీ. ఏడాదికోసారి గోడల్లో మొక్కలు, అటకలో చెదలు, కిటికీల రంగు. ఐదేళ్లకోసారి అర్హతగల నిపుణుడితో భవనమంతా పరీక్ష చేయించి నివేదిక రాయించాలి. ఇంగ్లండులో చర్చిలకు ఇలాంటి ఐదేళ్ల తనిఖీని 1955లో చట్టంగానే పెట్టారు. పట్టికలో ప్రతి పనికీ ఎదురుగా దాన్ని చేయవలసిన మనిషి హోదా, దానికయ్యే సొమ్ము ఏ పద్దులోంచి వస్తుందో రాసి ఉండాలి. ఆ పద్దును వచ్చే ఏడాది బడ్జెట్టులోనే చేర్పించి, మొదటి వానకు ముందు కాలువ శుభ్రం చేసిన రోజున ఆ గడిలో మొదటి సంతకం మీరే పెట్టండి.